యాన్యువల్ ఫీజు మాఫీ కావాలంటే ఫోన్ మీరే చేయండి

"సార్, మీ క్రెడిట్ కార్డుకు ఈ నెల యాన్యువల్ ఛార్జీ 4,999 రూపాయలు పడబోతోంది. వద్దనుకుంటే ఇప్పుడే తీసేయిస్తాను. కార్డు ఆఖరి నాలుగంకెలు ఇవే కదా సార్?"

మోసం ఇలా మొదలవుతుంది. గొంతు మర్యాదగా ఉంటుంది, తెలుగు శుభ్రంగా ఉంటుంది. వెనకాల ఇంకో నలుగురు ఫోన్లలో మాట్లాడుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. మీ పేరు సరిగ్గానే చెబుతాడు, బ్యాంకు పేరు సరిగ్గానే చెబుతాడు. కార్డులకు యాన్యువల్ ఫీజు ఉండటం నిజం. అడిగితే చాలా బ్యాంకులు దాన్ని తీసేస్తాయన్నదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఒక అబద్ధాన్ని ఇరికించడమే అతని పనితనం. ఐదువేలు మిగులుతాయన్న ఆశతో మనిషి ఫోన్ పెట్టేయడు. అక్కడే అసలు ప్రమాదం.

అలాగని భయపడి ఏటా ఫీజు కట్టుకుంటూ పోనక్కర్లేదు. మాఫీ అడగడం తప్పు కాదు, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఎలా అడగాలో, ఎవరిని అడగాలో, ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు.

ఫోన్ తీసే ముందు

మీ కార్డు షరతుల కాగితం ఒకసారి చదవండి. కార్డుతో పాటు కవర్లో వచ్చి ఉంటుంది, లేదా బ్యాంకు యాప్‌లో, వెబ్‌సైట్‌లో ఉంటుంది. ముఖ్యమైన నిబంధనలూ షరతులూ అన్న శీర్షిక కింద ఫీజు ఎంతో, ఏడాదికి ఎంత ఖర్చు చేస్తే అది రద్దవుతుందో రాసి ఉంటుంది. మనదేశంలో మామూలు స్థాయి కార్డులకు ఫీజు తరచుగా 499, 999 రూపాయల దగ్గర ఉంటుంది. దానిమీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అంటే 499 అనుకున్నది బిల్లులో 588 రూపాయల 82 పైసలు అవుతుంది.

చాలామంది తప్పటడుగు వేసేది 'ఏడాది' దగ్గర. జనవరి నుంచి డిసెంబరు అనుకునేవాళ్లు కొందరు, ఏప్రిల్ నుంచి మార్చి అనుకునేవాళ్లు మరికొందరు. చాలా కార్డులకు లెక్క ఈ రెండూ కాదు. కార్డు ఇచ్చిన నెల నుంచి పన్నెండు నెలలు. నిరుడు ఆగస్టులో కార్డు తీసుకున్నవారు ఈ ఏటి దసరా, దీపావళి కొనుగోళ్లతో మాఫీకి కావలసిన లక్ష దాటిందనుకుంటారు గానీ అందులో ఆగస్టుకు ముందు పెట్టిన ఖర్చు పాత ఏడాదిలోకి పోతుంది. పైగా అన్ని ఖర్చులూ లెక్కలోకి రావు. పెట్రోలు, వాలెట్‌లో వేసిన డబ్బు, ఇంటి అద్దె, ఏటీఎంలో తీసిన నగదు వంటివాటిని చాలా కార్డులు మినహాయిస్తాయి. వస్తువు తిరిగిచ్చేస్తే ఆ మొత్తం కూడా తగ్గిపోతుంది. కాబట్టి మీ లెక్కను నమ్ముకోకుండా బ్యాంకు లెక్క ఎంత ఉందో యాప్‌లో చూడండి. యాప్‌లో లేకపోతే కస్టమర్ కేర్‌ని అడగండి.

'లైఫ్‌టైమ్ ఫ్రీ' అని చెప్పి షాపింగ్ మాల్‌లో కార్డు అంటగట్టిన కుర్రాడి మాట మీద ఆధారపడవద్దు. మొదటి ఏడాది ఫీజు లేని కార్డునే జీవితాంతం ఉచితమని చెప్పి అమ్మేవాళ్లు తక్కువేం కాదు. దరఖాస్తులో, లేదా కార్డుతో వచ్చిన ఉత్తరంలో వార్షిక రుసుము ఎదురుగా సున్నా అని ఉందా? ఉంటే ఆ పేజీ ఫొటో తీసి దాచుకోండి. ఉచితమని చెప్పి ఇచ్చిన కార్డులో దాగిన ఛార్జీలు ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. మీ చేతిలో ఆ కాగితం ఉంటే వాదన ఒక్క ఫోన్‌తో ముగుస్తుంది.

అడిగే పద్ధతి

కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయండి, లేదా బ్యాంకు సొంత యాప్‌లోంచి వెళ్లండి. గూగుల్‌లో 'ఫలానా బ్యాంకు కస్టమర్ కేర్' అని వెతికి పైన కనబడిన నంబరుకు చేయవద్దు. ఆ పైవరసలో దొంగ నంబర్లు కూర్చోబెట్టడం మోసగాళ్లకు పాత విద్య. అక్కడ ఫోన్ చేసింది మీరే కాబట్టి మీకు అనుమానమే రాదు, వాళ్లకు కావలసింది కూడా అదే. బ్యాంకు వెబ్‌సైట్ తెరిచేటప్పుడు చిరునామా చివర చూడండి. బ్యాంకులన్నీ తమ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందికి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ తోక రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న బ్యాంకులకే దొరుకుతుంది.

ఫీజు బిల్లులో పడగానే అడగడం మంచిది. రెండు మూడు నెలలు గడిచాక అడిగితే 'గడువు దాటింది' అన్న జవాబు రావచ్చు. మాట సూటిగా ఉండాలి: "ఈ నెల బిల్లులో యాన్యువల్ ఫీజు వేశారు. ఇన్నేళ్లుగా కార్డు వాడుతున్నాను, బిల్లు ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. ఫీజు రివర్స్ చేయండి, కుదరదంటే కార్డు మూసేయడం గురించి ఆలోచిస్తాను." అంతే. గొంతు పెంచనక్కర్లేదు. అవతల ఉన్నది జీతానికి పనిచేసే పిల్ల, తన చేతిలో ఉన్నది కొద్దిపాటి అధికారమే. మర్యాదగా మాట్లాడితే పై విభాగానికి కలుపుతుంది.

వాళ్లు మూడు రకాల జవాబుల్లో ఏదో ఒకటి ఇస్తారు. పూర్తిగా తీసేస్తామంటే సంతోషం. జీఎస్టీ కూడా వెనక్కి వస్తుందా అని అప్పుడే అడగండి. 'వచ్చే రెండు నెలల్లో ఇంత ఖర్చు చేస్తే తీసేస్తాం' అంటే ఆ మొత్తం ఎంత, ఏ తేదీ లోపల, ఏ ఖర్చులు లెక్కకు రావు అన్నది ఎస్సెమ్మెస్ గానీ ఈమెయిల్ గానీ పంపమనండి. కుదరదంటే ఫీజు లేని కార్డుకు మార్చే వీలుందా అని అడగండి. ఏ జవాబు వచ్చినా సర్వీస్ రిక్వెస్ట్ నంబరు రాసుకోకుండా ఫోన్ పెట్టేయవద్దు. తర్వాతి స్టేట్‌మెంట్‌లో రివర్స్ అయిన వరుస కనబడేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఒక జాగ్రత్త. మాఫీ మాట నడుస్తుండగానే "మీకు కార్డ్ ప్రొటెక్షన్ ప్లాన్ కూడా యాక్టివేట్ చేస్తున్నాను మేడమ్, ఓకేనా?" అని మధ్యలో దూరుస్తారు. బీమా కావచ్చు, పెద్ద ఫీజున్న కార్డుకు అప్‌గ్రేడ్ కావచ్చు. మాటవరసకు అన్న 'ఆ... సరే' రికార్డవుతుంది. 588 మిగిల్చుకోబోయి రెండువేల ప్లాన్ నెత్తికెత్తుకున్నవాళ్లు ఉంటారు. "నేను అడిగింది ఫీజు గురించి మాత్రమే, ఇంకేదీ వద్దు" అని స్పష్టంగా చెప్పండి.

ఫోన్ వాళ్ల దగ్గర్నుంచి వస్తే

మళ్లీ మొదటి ఫోన్ దగ్గరికి వెళ్దాం. ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే.

ఫీజు రద్దు చేయడానికి మీరు ఓటీపీని ఎవరికైనా నోటితో చెప్పాల్సిన అవసరం ఏ బ్యాంకులోనూ లేదు. ఓటీపీ పుట్టింది డబ్బు బయటికి పంపడానికి, లేదా మీ ఖాతా తలుపు తెరవడానికి. డబ్బు ఆపడానికి కాదు. ఆ ఎస్సెమ్మెస్ మొత్తం చదవండి, అంకెలు మాత్రమే చూసి ఆగిపోకండి. ఏ దుకాణంలో, ఎంత మొత్తానికి అన్నది సాధారణంగా అందులోనే ఉంటుంది. 48,500 అని కనిపిస్తున్నా ఫోన్లోని మనిషి తడుముకోడు. "అది మీ లిమిట్ సార్, కట్ అవదు. ఆ ఆరంకెలు చెబితే ఛార్జీ క్యాన్సిల్ అయిపోతుంది" అంటాడు. మీరు తటపటాయిస్తే "ఇంకా రెండు నిమిషాలే ఉంది సార్, తర్వాత నా చేతిలో ఉండదు" అంటాడు. తొందరపెట్టడమే దొంగకు గుర్తు. మీరు రేపు ఫోన్ చేసినా బ్యాంకు అక్కడే ఉంటుంది.

మీ పేరు, ఆఖరి నాలుగంకెలు, పుట్టిన తేదీ తెలిసినంత మాత్రాన అతను బ్యాంకు మనిషి అయిపోడు. ఈ వివరాలు ఎన్నో చోట్ల నుంచి బయటికి పొక్కుతాయి. బ్యాంకుల సేవా కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి, ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచో, బ్యాంకు లోగో పెట్టుకున్న వాట్సాప్ నుంచో వచ్చి ఫీజు తీసేస్తానంటే మాట పొడిగించవద్దు. "నేనే బ్యాంకుకు చేస్తాను" అని పెట్టేయండి. నిజమైన ఉద్యోగి నొచ్చుకోడు.

ఇక లింకులు. 'ఫీజు మాఫీ ఫారం' అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును ముట్టుకోవద్దు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అధికారం అవతలివాడికి పోతుంది. ఆ తర్వాత ఓటీపీ మీరు చెప్పనవసరం లేదు, అదే వెళ్లిపోతుంది. ఎనీడెస్క్ వంటి స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా అంతే. 'ఈ కోడ్ డయల్ చేయండి' అని స్టార్ గుర్తుతో మొదలయ్యే అంకెలు చెబితే అది మీ కాల్స్‌ని వేరే నంబరుకు మళ్లించే ఎత్తు కావచ్చు. సరిగ్గా ఈ మోసం వల్లే ఆ పద్ధతిలో కాల్ ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. అయినా ఎవరో చెప్పిన కోడ్ డయల్ చేయడం మంచి అలవాటు కాదు.

ఇక్కడ ఒక చిన్న తేడా పెద్దవాళ్లకు విడమరిచి చెప్పాలి. మీరే కార్డు వెనక నంబరుకు చేసినప్పుడు అక్కడి యంత్రం కార్డు నంబరు గానీ, ఒక్కోసారి ఓటీపీ గానీ కీప్యాడ్ మీద నొక్కమంటుంది. అది మీరెవరో నిర్ధారించుకోవడానికి. నంబరు మీరు చూసి డయల్ చేసింది కాబట్టి నొక్కవచ్చు. కానీ మనిషి లైన్లోకి వచ్చి "ఓటీపీ చెప్పండి, పిన్ చెప్పండి, కార్డు వెనక మూడంకెలు చెప్పండి" అంటే మాత్రం చెప్పవద్దు.

ఇంకొకటి, కోపంలో చాలామంది చేసే పని. ఫీజు తీసేయలేదని ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో బ్యాంకును ట్యాగ్ చేసి, కింద సొంత ఫోన్ నంబరు రాస్తారు. పది నిమిషాల్లో బ్యాంకు పేరుతోనే ఉన్న దొంగ ఖాతా నుంచి "మీ సమస్యకు చింతిస్తున్నాం" అంటూ సందేశం వస్తుంది. ఫిర్యాదు బహిరంగంగా పెట్టండి, తప్పులేదు. నంబర్లు మాత్రం పెట్టవద్దు.

మాఫీ కోసం ఖర్చు పెంచవద్దు

లక్ష దాటితే ఫీజు ఉండదు, మీరు 80,000 దగ్గర ఉన్నారు. మిగిలిన ఇరవై వేలకు ఒక ఫోన్ కొనేద్దామనిపిస్తుంది. ఆ డబ్బు చేతిలో లేక బిల్లు ఒక నెల పూర్తిగా కట్టలేదనుకోండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ చొప్పున 700 రూపాయలు, దానిమీద జీఎస్టీ 126, మొత్తం 826. మీరు తప్పించుకున్నది 588. కొత్త ఫోన్ ఖరీదు వేరే.

ఎలాగూ కట్టాల్సిన ఖర్చును కొద్దిగా ముందుకు జరుపుకోవడం వేరు. వచ్చే నెల బీమా ప్రీమియం, పిల్లల ఫీజు ఈ నెలే కార్డు మీద కట్టవచ్చు. ముందు అది లెక్కలోకి వస్తుందో లేదో, కార్డుతో కట్టినందుకు అదనపు ఛార్జీ ఉందో లేదో చూసుకోండి.

'కార్డు గీకితే నగదు ఇస్తాం' అనే దుకాణాల వైపు అసలు వెళ్లవద్దు. వస్తువేదీ కొనకుండా దొంగ బిల్లు మీద నగదు తీసుకోవడం అది. కమీషన్ పోతుంది, బ్యాంకు కనిపెడితే కార్డు పోతుంది, మీ కార్డు వివరాలు ఎవరి చేతిలో పడ్డాయో తెలియకుండా పోతుంది.

మాట తేలేదాకా బిల్లు ఆపవద్దు

"ఫీజు తీసేస్తామన్నారు కదా, అంతవరకూ కట్టను" అని మిగతా బిల్లు కూడా ఆపేసేవాళ్లున్నారు. ఇది నష్టం. గడువు దాటితే లేట్ ఫీజు, వడ్డీ, క్రెడిట్ స్కోరు మీద మచ్చ. 588 రూపాయల మీద పంతం, రేపు ఇంటి లోను దగ్గర అడ్డం పడుతుంది. గడువులోగా మొత్తం కట్టేయండి. ఫీజు రివర్స్ అయితే ఆ మొత్తం మీ కార్డులోనే జమగా కూర్చుంటుంది, తర్వాతి బిల్లులో తగ్గుతుంది. బిల్లులో తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే గరిష్ఠంగా 30 రోజుల్లో బ్యాంకు వివరణ ఇవ్వాలి.

అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లిన మన పిల్లల సంగతి ఇక్కడ చెప్పాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు తీసుకున్న కార్డు అల్మరాలో ఉండిపోతుంది. ఇక్కడి సిమ్ రీఛార్జ్ లేక ఆగిపోతుంది. యాన్యువల్ ఫీజు పడినట్టు మెసేజ్ ఎవరికీ చేరదు. ఏడాదికి పైగా వాడని కార్డును నోటీసు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు లేకపోతే బ్యాంకు మూసేయాలి. కానీ బాకీ ఉంటే అది తీరాకే. ఆ ఫీజే బాకీ అయి కూర్చుంటుంది, దానిమీద లేట్ ఫీజులు పేరుకుంటాయి. విమానం ఎక్కే ముందు వాడని కార్డులు మూయించండి. ఉంచుకునే కార్డుకు పనిచేసే ఈమెయిల్, నంబరు ఇచ్చి, బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టేలా పెట్టుకోండి.

కాదంటే మూసేయండి

ఫీజు మాఫీ చేసి తీరాలని చట్టమేదీ లేదు. అది బ్యాంకు ఇష్టం. కానీ వెళ్లిపోవడం మీ హక్కు. ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి, అది నచ్చకపోతే అదనపు ఛార్జీ లేకుండా కార్డు వదులుకునే అవకాశం ఇవ్వాలి. బాకీలన్నీ తీర్చి మూసేయమని అడిగితే 7 పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యం చేస్తే ఖాతా మూసేదాకా రోజుకు 500 రూపాయలు మీకే చెల్లించాలి. 2022లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నియమమిది. అభ్యర్థనను పోస్టులోనే పంపమని పట్టుబట్టకూడదు కూడా. ఫోన్, ఈమెయిల్, యాప్, ఏ దారైనా చెల్లుతుంది.

కార్డును కత్తెరతో ముక్కలు చేసి పారేస్తే అది మూసినట్టు కాదు. ఫీజు వస్తూనే ఉంటుంది. మూసే ముందు రివార్డు పాయింట్లు వాడేసుకోండి, ఆ కార్డు మీద నడుస్తున్న ఆటోపేలు మార్చుకోండి, మూసినట్టు ధ్రువీకరణ తీసుకోండి. కొన్నాళ్లాగి క్రెడిట్ రిపోర్టు చూడండి. సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ పాతికేళ్ల కార్డు మీదే ఎక్కువ క్రెడిట్ చరిత్ర ఉంటే మాత్రం మూయడం కన్నా ఫీజు లేని రకానికి మార్చుకోవడం మేలని నా అభిప్రాయం.

మీరు అడగని కార్డును మీ పేరున చేసి ఫీజు వేస్తే అది మాఫీ సంగతి కాదు, తప్పు. అనుమతి లేకుండా ఇచ్చిన కార్డుకు బిల్లు వేస్తే ఆ ఛార్జీలు వెనక్కి ఇచ్చి, వాటికి రెట్టింపు జరిమానా కూడా బ్యాంకు మీకు చెల్లించాలి. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చేమీ లేదు, న్యాయవాది అక్కర్లేదు. వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు.

ఓటీపీ చెప్పేశారా?

తిట్టుకుంటూ, ఇంట్లో చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి. వెంటనే బ్యాంకుకు, ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారుతుంటుంది, మధ్యలో ఆపగలిగితేనే దొరుకుతుంది.

రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీ మీద భారం ఉండదు. మీరే ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మీ ఖాతాలోనే పడుతుంది. తెలియజేసిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి ఆలస్యం చేసిన ప్రతి గంటకూ ఖరీదు ఉంటుంది. అమ్మో నాన్నో ఇలా మోసపోయామని చెబితే దయచేసి కోప్పడకండి. కోపానికి భయపడే చాలామంది ముందే చెప్పరు.

ఈ రోజే ఒక పని చేయండి. కార్డు వెనక ఉన్న నంబరును బ్యాంకు పేరుతో, 1930ని 'సైబర్ పోలీస్' అన్న పేరుతో మీ ఫోన్‌లోనూ, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లోనూ సేవ్ చేసి పెట్టండి.